కాకతాళీయమా, సాక్ష్యమా? – ఆంధ్రవిశ్వవిద్యాలయ పరామనోవిజ్ఞాన పరిశోధనలు: పద్ధతిశాస్త్ర పరిశీలన

వ్యాససంగ్రహం

విశాఖపట్నంలోని ఆంధ్రవిశ్వవిద్యాలయంలో 1967లో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగం ఏర్పడింది. ఆచార్య కోనేరు రామకృష్ణారావు నాయకత్వంలో ఆ విభాగం అతీంద్రియ గ్రహణాన్ని ప్రయోగాల ద్వారా పరీక్షించడానికి పూనుకొన్నది. మనస్తత్వశాస్త్రంలో ఒక ప్రతిపాదనకు సాక్ష్యం ఎప్పుడు చాలినంత అవుతుంది, దానిని ఏ పరీక్షలకు గురిచేయాలి అన్న ప్రశ్నలను ఆ పరిశోధనల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అతీంద్రియశక్తులు ఉన్నాయా, లేవా అని తీర్పు చెప్పడం దీని పరిధిలోనిది కాదు.

కీలకపదాలు: మనస్తత్వశాస్త్రం, పరామనోవిజ్ఞానం, సాక్ష్యం, సంభావ్యత, పునరావృత్తి, పూర్వనమోదు, కోనేరు రామకృష్ణారావు, ఆంధ్రవిశ్వవిద్యాలయం.

1. ఉపోద్ఘాతం

తాటిచెట్టు మీద కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలడం వల్లనే పండు రాలిందా? మన శాస్త్రకారులు ఈ ప్రశ్నకు కాకతాళీయ న్యాయమని పేరుపెట్టారు. దానికి తోడుగా ఘుణాక్షర న్యాయం ఉంది. పురుగు కొయ్యను తొలుచుకొంటూ పోతే ఏర్పడిన గీతల్లో ఒకచోట అక్షరం వంటిది కనిపిస్తుంది. పురుగుకు అక్షరజ్ఞానం లేదు, చూచేవాడికి ఉంది. రెండు ఘటనలు కలిసిరావడం ఒక సమస్య, అర్థంలేని గీతల్లో అర్థం కనిపించడం మరొక సమస్య. ఆధునిక మనస్తత్వశాస్త్రం గణాంకాల సాయంతో వేరుచేయడానికి ప్రయత్నించే రెండు పొరపాట్లకూ తెలుగు పండితులకు ఎన్నడో పేర్లు తెలుసునన్నమాట. అయితే పేరు తెలియడం వేరు, ఎదుట ఉన్న ఉదాహరణలో ఆ దోషం ఉన్నదో లేదో తేల్చడం వేరు.

ఆ తేల్చే పని ఎంత కష్టమో చూపడానికి తెలుగునాట విశాఖపట్నాన్ని మించిన ఉదాహరణ లేదు. విశాఖ ఉక్కు ఉద్యమం చెలరేగిన మరుసటి సంవత్సరం, 1967లో, ఆంధ్రవిశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రంతో పాటు పరామనస్తత్వశాస్త్రాన్ని కూడా పేరులోనే చేర్చుకొన్న విభాగం మొదలైంది. దాని వెనుక ఉన్న వ్యక్తి కోనేరు రామకృష్ణారావు (1932–2021). ఆయన ఆంధ్రవిశ్వవిద్యాలయంలోనే తత్త్వశాస్త్రం చదివి, అక్కడే బోధించి, చికాగో విశ్వవిద్యాలయంలోనూ, ఆ తరువాత డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ నడిపిన ప్రయోగశాలలోనూ పనిచేశారు. 1984 నుంచి 1987 వరకు ఆంధ్రవిశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్నారు. అంతర్జాతీయ పరామనోవిజ్ఞాన సంఘానికి మూడుసార్లు అధ్యక్షులయ్యారు. 2011లో పద్మశ్రీ పొందారు. ఇటువంటి వ్యక్తి జీవితకాలమంతా వెచ్చించిన పనిని ‘మూఢనమ్మకం’ అన్న ఒక్కమాటతో తోసిపుచ్చడం సులభమే. ‘ప్రయోగశాలలో రుజువైంది’ అన్న ఒక్కమాటతో ఒప్పుకోవడమూ అంతే సులభం. ఆ రెండు దారుల్లోనూ సాక్ష్యాన్ని చూడవలసిన అవసరం రాదు.

తెలుగునాట ఈ విషయమై జరిగిన చర్చ ఎక్కువగా ఆ రెండు దారుల్లోనే నడిచింది. ఒకవైపు బాబాల మహిమలు, పూర్వజన్మ స్మృతుల కథనాలు. మరొకవైపు 1940లో గోరా ముదునూరులో ప్రారంభించగా 1947లో విజయవాడకు చేరిన నాస్తిక కేంద్రం వంటి సంస్థల ఖండనలు. మహిమలు చూపేవారి గుట్టు విప్పడం సమాజానికి అవసరమైన పనే. కానీ విశాఖలో జరిగింది మహిమల ప్రదర్శన కాదు. అక్కడ కొలతలున్నాయి, లెక్కలున్నాయి, ప్రచురించిన పత్రాలున్నాయి. వాటిని ఎదుర్కోవాలంటే పద్ధతిని పరిశీలించాలి.

2. కలలూ తుపానులూ

ప్రయోగశాలలోకి వెళ్ళే ముందు, ప్రయోగశాల ఎందుకు అవసరమో చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటింది. ముందురోజు రాత్రి సముద్రం పొంగినట్టు కల వచ్చిందని చేపలరేవు దగ్గర ఒక స్త్రీ చెప్పిందని ఊహించుకొందాం. ఆమె అబద్ధమాడుతున్నదని అనుకోవలసిన పనిలేదు. కల వచ్చింది, తుపాను వచ్చింది. ఇందులో సాక్ష్యం ఎంత?

మొదట లెక్క చూడాలి. 2011 జనగణన నాటికి విశాఖ నగర జనాభా సుమారు 17 లక్షలు. ఏ రాత్రి అయినా వెయ్యిమందిలో ఒకరికి గాలివానకో సముద్రానికో సంబంధించిన భయపెట్టే కల వస్తుందని అనుకొన్నా, ఆ ఒక్కరాత్రి నగరంలో 1,700 మందికి అటువంటి కల వచ్చి ఉండాలి. ఇందులో వింతేమీ లేదు. తుపాను రాని రాత్రుల్లో కూడా అంతమందికీ వస్తుంది, తెల్లవారేసరికి మరచిపోతారు. నిజమైన పోలికకు నాలుగు గళ్ళు కావాలి: కల వచ్చి తుపాను వచ్చిన రాత్రులు, కల వచ్చి తుపాను రాని రాత్రులు, కల రాకుండా తుపాను వచ్చిన రాత్రులు, రెండూ లేని రాత్రులు. మనిషి జ్ఞాపకం మొదటి గడిని మాత్రమే భద్రపరుస్తుంది. మిగిలిన మూడు గళ్ళను ఎవరూ ఇరుగుపొరుగుకు చెప్పరు.

ఇక రెండవ విషయం మరింత ముఖ్యం. హుద్‌హుద్ చెప్పకుండా రాలేదు. నాలుగు రోజుల ముందే దానికి పేరు పెట్టారు. వాతావరణశాఖ హెచ్చరికలు రేడియోలోనూ టీవీలోనూ వినిపిస్తూనే ఉన్నాయి. ఓడరేవులో ప్రమాదసూచికలు ఎగిరాయి. పగలంతా ఆ మాటలే విన్న మనసు రాత్రి తుపానును కలగనడానికి అతీంద్రియశక్తి అక్కరలేదు. ఇంద్రియాల ద్వారా చేరిన సమాచారం మరొక వేషంలో తిరిగివచ్చింది. పరామనోవిజ్ఞాన చర్చల్లో దీనినే ఇంద్రియమార్గాల గుండా సమాచారం కారిపోవడం అంటారు. ప్రయోగశాలలో చేసే ఏర్పాట్లలో సగం ఈ కారుడును ఆపడానికే.

3. ఇరవై అయిదు కార్డులు

రైన్ 1934లో ప్రచురించిన గ్రంథంతో ప్రసిద్ధికెక్కిన పద్ధతి చాలా సరళమైనది. వృత్తం, సిలువ, అలలు, చతురస్రం, నక్షత్రం అనే అయిదు గుర్తులు ఒక్కొక్కటి అయిదేసి చొప్పున 25 కార్డులు. కార్డు కనబడకుండా దానిమీది గుర్తును చెప్పాలి. ఊహ మాత్రమే పనిచేస్తే సగటున 5 ఒప్పులు రావాలి. ప్రామాణిక విచలనం సుమారు 2. ఈ అమరికలోని అందమంతా ఇక్కడే ఉంది. ‘ఏమీ లేకపోతే ఏమి కనిపించాలి’ అన్నది ముందుగానే అంకెల్లో తెలుసు. మనస్తత్వశాస్త్రంలో ఇంత స్పష్టమైన ఆధారరేఖ దొరకడం అరుదు. ఆదుర్దానో, ఆత్మవిశ్వాసాన్నో కొలిచేటప్పుడు ఇటువంటి సున్నా ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు వందమంది విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ఈ పరీక్ష పెట్టారనుకొందాం. ఎవరికీ ఏ శక్తీ లేదు. అయినా సంభావ్యత ప్రకారం సుమారు అయిదుగురికి 9 గాని అంతకుమించి గాని ఒప్పులు వస్తాయి. ఇద్దరికి 10 దాటినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ అయిదుగురినే పిలిచి, ‘మీలో ఏదో ఉంది’ అని చెప్పి, వారి పేర్లు మాత్రమే రాసుకొంటే ఘుణాక్షరం తయారైనట్టే. రెండవసారి పరీక్షిస్తే వారి సగటు మళ్ళీ 5 దగ్గరకు దిగుతుంది. అప్పుడు ‘అలసట వల్ల శక్తి తగ్గింది’ అని వ్యాఖ్యానిస్తే పొరపాటు రెట్టింపవుతుంది. ఎంపికకు వాడిన మార్కులను రుజువు లెక్కలో కలపరాదన్న నియమం ఇందుకే వచ్చింది.

రైన్ మీద తొలినాళ్ళలో వచ్చిన విమర్శ గణితం వైపునుంచే వచ్చింది. 1937లో అమెరికా గణితగణాంక సంస్థ అధ్యక్షుడు బర్టన్ క్యాంప్, ప్రయోగాలు సక్రమంగా జరిగి ఉంటే లెక్కలు సరియైనవేనని ప్రకటించడంతో ఆ విమర్శ చాలావరకు చల్లారింది. ఆ ప్రకటనలోని ‘ఉంటే’ అన్న మాటను చాలామంది దాటవేశారు. గణాంకశాస్త్రం ఒక ఫలితం యాదృచ్ఛికం కాదని చెప్పగలదు. అది అతీంద్రియమని చెప్పలేదు. ఆ రెంటి నడుమ కార్డు వెనుకనుంచి లీలగా కనిపించే ముద్ర, పరీక్షించేవారి ముఖకవళికలు, రాసుకోవడంలో పొరపాట్లు, మోసం – ఇవన్నీ నిలబడి ఉంటాయి. అంతకుముందు సంవత్సరమే ప్రిన్స్‌టన్‌లో కాక్స్ 132 మందితో 25,000 పైచిలుకు ఊహలు చేయించగా యాదృచ్ఛికాన్ని మించిన ఫలితమేదీ రాలేదు. ఒకచోట కనిపించి మరొకచోట కనిపించకపోవడమే ఈ రంగానికి నేటివరకూ అంటిపెట్టుకొన్న చిక్కు.

4. భేదక ప్రభావం

రామకృష్ణారావు పేరుతో ముడిపడిన భావన భేదక ప్రభావం. 1960ల తొలి సంవత్సరాల్లో ఆయన ఒకే వ్యక్తిని రెండు భిన్న పరిస్థితుల్లో పరీక్షించారు. రెండు రకాల గుర్తులు, రెండు భాషల పదాలు, రెండు రకాల సమాధాన పద్ధతులు. ఒక పరిస్థితిలో ఒప్పులు సగటుకన్నా పెరిగితే మరొకదానిలో సగటుకన్నా తగ్గే మొగ్గు ఆయనకు కనిపించింది. రెంటినీ కలిపి చూస్తే ఒకదాన్నొకటి చెరిపివేసి మొత్తం 5 దగ్గరే నిలుస్తుంది. విడదీసి చూస్తే తేడా బయటపడుతుంది. 1965లో ఆయన దీనిని సై ద్విముఖత్వం అన్న సిద్ధాంతంగా ప్రతిపాదించారు. సై అంటే అతీంద్రియశక్తికి ఆ రంగంలో వాడే పొట్టిపేరు. ఆ శక్తి లక్ష్యాన్ని పట్టగలిగినట్టే, తప్పించుకోనూ గలదని దీని సారాంశం.

శాస్త్రీయంగా ఆలోచించడానికి ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు. ఎందుకంటే ప్రతిపాదన తెలివైనదీ, ప్రమాదకరమైనదీ కూడా. తెలివైనది ఎందుకంటే మనస్తత్వశాస్త్రంలో సగటు నిజంగానే ఎన్నో తేడాలను దాచిపెడుతుంది. ఒక మందు సగంమందికి మేలు, సగంమందికి కీడు చేస్తే సగటు సున్నా చూపిస్తుంది. అలాగని మందు పనిచేయలేదనలేము. ప్రమాదకరం ఎందుకంటే ఎక్కువ వచ్చినా శక్తే, తక్కువ వచ్చినా శక్తే అయితే అది బొమ్మ పడినా బొరుసు పడినా ఒకరే గెలిచే ఆట. పై లెక్కలోని వందమందిలో 9 గాని అంతకుమించి గాని వచ్చినవారు అయిదుగురు. సున్నా గాని ఒకటి గాని వచ్చినవారు సుమారు ముగ్గురు. రెండు కొసలనూ సాక్ష్యంగా ఒప్పుకొంటే ఏ శక్తీ లేని గదిలో ‘శక్తిమంతులు’ ఎనమండుగురవుతారు. అంతకంటె సూక్ష్మమైనది మరొకటుంది. రెండు పరిస్థితుల్లో ఒకటి సగటుకు పైన, ఒకటి కింద పడటం కేవలం యాదృచ్ఛికంగానే దాదాపు సగం సార్లు జరుగుతుంది.

రామకృష్ణారావు వాదన అంత మొరటుది కాదని ఇక్కడ చెప్పాలి. యాదృచ్ఛికంగా రావలసినదానికన్నా ఎక్కువసార్లు ఇలా విడిపోతున్నదన్నది ఆయన మాట. అది పరీక్షించదగిన మాటే. అయితే ఆ పరీక్ష న్యాయంగా జరగాలంటే ఏ పరిస్థితిలో ఒప్పులు పెరుగుతాయో, ఎందులో తగ్గుతాయో ముందుగా చెప్పి తీరాలి. ముందుగా చెప్పని దిశ ఫలితం వచ్చాక వివరణ అవుతుంది గాని ఊహాపరీక్ష కాదు. భేదక ప్రభావం ఈ పని పూర్తిగా చేయలేకపోయింది. ఏ పరిస్థితి పైకి పోతుందో ముందే నిలకడగా చెప్పగల నియమం దానినుంచి రాలేదు. బలమైన సిద్ధాంతం తనకు నిషిద్ధమైన ఫలితమేదో చెప్పగలగాలి. ద్విముఖత్వం నిషేధించే ఫలితం చాలా తక్కువ.

5. ప్రశ్నావళి ముందా, కార్డులు ముందా?

1971 నుంచి 1973 వరకు బి.కె. కాంతామణి, రామకృష్ణారావు కలిసి, అతీంద్రియ పరీక్షల్లో పాల్గొన్నవారి వ్యక్తిత్వలక్షణాల మీద నాలుగు పత్రాల వరుసను పరామనోవిజ్ఞాన పత్రికలో ప్రచురించారు. వాటిలో ఒకటి బహిర్ముఖత గురించి, మరొకటి మనోవ్యాకులత గురించి. కలివిడిగా, ధైర్యంగా, ఆదుర్దా లేకుండా ఉండేవారికి ఒప్పులు ఎక్కువ, ముడుచుకొని ఉండేవారికి తక్కువ అన్న సరళి అందులో కనిపించింది. ఈ తరహా పని పరామనోవిజ్ఞానాన్ని మామూలు మనస్తత్వశాస్త్రంతో కలిపింది. ‘శక్తి ఉందా’ అన్న ప్రశ్న స్థానంలో ‘ఎవరిలో, ఏ పరిస్థితిలో’ అన్న ప్రశ్న వచ్చింది. నిజమైన దృగ్విషయానికి ఇటువంటి క్రమబద్ధమైన సంబంధాలు ఉండాలి కాబట్టి, ఇది ముందడుగేనని అనిపించింది. ఇతర దేశాల పరిశోధకులకు కూడా బహిర్ముఖతతో ఇదే సంబంధం దొరుకుతూ వచ్చింది.

1998లో చార్లెస్ హొనార్టన్, డయాన్ ఫెరారి, డారిల్ బెమ్‌ల సమాహార విశ్లేషణ వెలువడింది. అప్పటికి అందుబాటులో ఉన్న 60 స్వతంత్ర అధ్యయనాలను వారు ఒకచోట చేర్చి తూచారు. ఈ ముగ్గురూ ఈ రంగానికి శత్రువులు కారు. హొనార్టన్ దాని ప్రముఖుల్లో ఒకరు. వారు అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఎంతో చిన్నది: వ్యక్తిత్వ ప్రశ్నావళిని కార్డుల పరీక్షకు ముందు ఇచ్చారా, తరువాత ఇచ్చారా? ఇచ్చిన గుర్తుల్లో ఒకదానిని ఎంచుకోవలసిన పరీక్షల్లో, బహిర్ముఖతకూ ఒప్పులకూ సంబంధం ప్రధానంగా ‘తరువాత’ ఇచ్చిన అధ్యయనాల్లోనే కనిపించింది. ముందు ఇచ్చినవాటిలో అది కనుమరుగైంది.

కారణం ఊహించడం కష్టం కాదు. పరీక్ష రాసిన విద్యార్థికి తనకు 9 ఒప్పులు వచ్చాయని తెలిసింది. ముఖం వికసించింది. ఆ ఊపులో ‘కొత్తవారితో తేలికగా మాట కలుపుతారా?’ అన్న ప్రశ్నకు ‘అవును’ అని గుర్తుపెడతాడు. రెండే ఒప్పులు వచ్చినవాడు కాస్త చిన్నబుచ్చుకొని ‘లేదు’ అంటాడు. అప్పుడు బహిర్ముఖత ఒప్పులను పెంచడం లేదు. ఒప్పులే బహిర్ముఖత మార్కును పెంచుతున్నాయి. సహసంబంధం నిజమైనదే, బాణం మాత్రం తలకిందులైంది. ఇందులో మోసం లేదు, లెక్కతప్పు లేదు, ఏ ఒక్క పరిశోధకుని నిర్లక్ష్యమూ లేదు. రెండు కాగితాలలో ఏది ముందు ఇవ్వాలన్న, ఎవరూ పట్టించుకోని నిర్ణయం ఉంది.

కథ అక్కడ ఆగలేదు. జాన్ పామర్, జేమ్స్ కార్పెంటర్ అదే సంవత్సరం ఆ విశ్లేషణకు ప్రతివాదం చేశారు. క్రమంకన్నా, విడివిడిగా పరీక్షించారా, గుంపుగా పరీక్షించారా అన్నదే అసలు తేడా కావచ్చునని వారి అభిప్రాయం. ఏవైనా బొమ్మలను స్వేచ్ఛగా వర్ణించే పరీక్షల్లో ఆ సంబంధం నిలిచే ఉందని మూల విశ్లేషణ కూడా చెప్పింది. జరిగిపోయిన అధ్యయనాలను ఎన్నిసార్లు తిరగేసినా ఇటువంటి వివాదం తెగదు. క్రమమూ గుంపూ ఒకదానితో ఒకటి పెనవేసుకొనిపోయి ఉంటాయి. ప్రశ్నావళిని సగంమందికి ముందు, సగంమందికి తరువాత ఇచ్చి, ఎవరికి ఏది అన్నది చీటీలు వేసి నిర్ణయించే కొత్త ప్రయోగమొక్కటే తేల్చగలదు. ఉద్యోగ సంతృప్తికీ పని నాణ్యతకూ సంబంధం చూపే అధ్యయనం చదివినా ఇదే ప్రశ్న వేయవలసి ఉంటుంది: కార్మికుడు ప్రశ్నావళి నింపినది బోనస్ ప్రకటించడానికి ముందా, తరువాతనా?

6. ధ్యానానికి ముందూ తరువాతా

యోగసూత్రాల విభూతిపాదం ధ్యానఫలంగా సిద్ధులను పేర్కొన్న సంగతి తెలిసిందే. భారతీయ మనస్తత్వశాస్త్రం మీద మక్కువ గల రామకృష్ణారావు ఆ ప్రస్తావనను పరికల్పనగా మార్చారు. 1973లో హామ్లిన్ డుఖాన్‌తో కలిసి, 1978లో డుఖాన్, పి.వి. కృష్ణారావులతో కలిసి ఆయన ప్రచురించిన పత్రాలు ధ్యానానికి ముందూ తరువాతా జరిపిన పరీక్షలను పోల్చాయి. ధ్యానానంతరం ఒప్పులు పెరిగినట్టు వాటి ఫలితం. శాస్త్రవాక్యాన్ని శబ్దప్రమాణంగా కాక పరీక్షకు నిలబెట్టవలసిన ప్రతిపాదనగా తీసుకోవడం ఆ రోజుల్లో సాహసమే.

సాధారణంగా ముందు–తరువాత పోలికకు చెప్పే అభ్యంతరం, పాల్గొన్నవారి ఆశ ఫలితాన్ని పెంచుతుందన్నది. ఇక్కడ ఆ అభ్యంతరం నేరుగా పనిచేయదు. కార్డు నిజంగా దాగి ఉంటే, ఎంత ఆశపడినా మామూలు దారిలో ఒప్పులు పెరగవు. ఆందోళన తగ్గిందా అని అడిగే ధ్యాన అధ్యయనాలకు లేని బలం ఇది. అయితే మరొక సంగతి చూడాలి. ముందటి పరీక్షలో ఒప్పులు సగటుకన్నా తగ్గాయి. తరువాతిదానిలో సగటుకన్నా పెరిగాయి. రెంటి తేడా పెద్దదిగా కనిపించడంలో ఆ మొదటి తరుగుదలకు వాటా ఉంది. ధ్యానం చేయకముందు మనిషి కార్డులను గుర్తించలేకపోవాలి గాని, యాదృచ్ఛికంకన్నా తక్కువగా గుర్తించడమెందుకు? దీనికి మళ్ళీ ద్విముఖత్వాన్నే ఆశ్రయించవలసి వస్తుంది. ధ్యానానికి బదులు అంతే సమయం ఊరక కూర్చొన్న బృందాన్ని పక్కన ఉంచి, తరువాతి ఒప్పులను మాత్రమే 5తో పోల్చడం ఇంతకన్నా గట్టి పరీక్ష అవుతుంది.

7. నమోదు చేసే చేయి

1974లో రైన్ సంస్థలో జరిగినదానిని ఈ రంగం దాచుకోలేదు. సంస్థ సంచాలకుడు వాల్టర్ లెవీ, ఎలుకల మెదడులో సుఖానుభూతి కలిగించే విద్యుత్ ప్రేరణలు యాదృచ్ఛిక యంత్రం ఇవ్వవలసినదానికన్నా ఎక్కువగా వస్తున్నాయని చూపుతున్నాడు. అతడు పరికరం దగ్గర అవసరం లేకుండా తచ్చాడటం గమనించిన సహోద్యోగులు రహస్యంగా మరొక నమోదు ఏర్పాటు చేశారు. లెవీ చూపిన నమోదులో అధికఫలితం, రహస్య నమోదులో యాదృచ్ఛికం. లెవీ తప్పు ఒప్పుకొని వైదొలగాడు; రైన్ ఆ సంగతిని తన పత్రికలోనే ప్రచురించారు. కొన్నేళ్ళకు అదే సంస్థకు రామకృష్ణారావు సంచాలకులయ్యారు. ఇంగ్లండులో ఎస్.జి. సోల్ 1940లలో చేసిన, దశాబ్దాలపాటు తిరుగులేనివిగా చెప్పుకొన్న ప్రయోగాల అంకెల్లో అదనపు అంకెలు దూర్చినట్టు బెట్టీ మార్క్‌విక్ 1978లో కంప్యూటర్ సాయంతో చూపింది.

మోసం ఒక రంగంలో బయటపడితే ఆ రంగమంతా మోసమని అనడం తర్కదోషం. కానీ ఒక వ్యక్తి చేతిలోనే పరికరమూ, నమోదూ, లెక్కా ఉన్న ప్రయోగం ఎంత పెద్ద అంకె చూపినా దాని సాక్ష్యబలం ఆ వ్యక్తి నిజాయితీని మించదు. రెండవ నమోదు ఎందుకు ఉండాలో సరుకు తూచే చోట పనిచేసేవారికి వివరించనక్కరలేదు. ఓడకెత్తే ఇనుపఖనిజాన్ని అమ్మేవాడొక్కడే తూచి, వాడే రాసుకొంటే కొనేవాడు ఒప్పుకోడు.

8. 1987 నాటి వాదం

1987లో ‘బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్’ పత్రిక రామకృష్ణారావు, జాన్ పామర్‌ల పత్రాన్నీ, దానికి ఎదురుగా కెనడా మనస్తత్వవేత్త జేమ్స్ ఆల్కాక్ పత్రాన్నీ, వాటిమీద పలువురు పండితుల వ్యాఖ్యలనూ ఒకేచోట ప్రచురించింది. ఒక తెలుగు మనస్తత్వవేత్త ప్రతిపాదనకు అంత విస్తృతమైన బహిరంగ విచారణ అరుదు. రావు, పామర్ జాగ్రత్తగా మాట్లాడారు. సై అంటే ఆత్మ కాదు, ప్రస్తుత శాస్త్రం వివరించలేని ఒక అసంగతం మాత్రమేనన్నారు. పునరావృత్తి అంటే ప్రతిసారీ ఫలించడం కాదు, గణాంకపరంగా యాదృచ్ఛికాన్ని మించి ఫలించడమన్నారు. ఆల్కాక్ దానికి బదులు చెబుతూ, ఇతర వివరణలు లేనప్పుడు మిగిలేదానికి పేరు పెట్టడం నిర్వచనం కాదని, వంద సంవత్సరాలుగా ఈ అన్వేషణ ఆత్మ కోసమే జరుగుతోందని అన్నాడు.

ఆ వాదంలో రావు పక్షాన బలమైనది పునరావృత్తి గురించిన మాట. మామూలు మనస్తత్వశాస్త్రంలో కూడా ప్రతి ప్రయోగమూ ప్రతిసారీ ఫలించదు. బలహీనమైనది అసంగతమన్న నిర్వచనం. లెవీ ఎలుకలు కూడా, రహస్య నమోదు బయటపడేవరకు, అసంగతమే.

ఆ పత్రం ఆధారపడిన సాక్ష్యాల్లో గాంట్స్‌ఫెల్డ్ ప్రయోగాలు ఒకటి. కళ్ళమీద అర్ధగోళాలు, ఎర్రటి వెలుతురు, చెవుల్లో ఏకరీతి ధ్వని. మరొక గదిలో ఒకరు బొమ్మను చూస్తుంటే ఇక్కడివారు నాలుగు బొమ్మల్లో దానిని ఎంచాలి. యాదృచ్ఛికంగా 25 శాతం. విమర్శకుడు రే హైమన్, పరిశోధకుడు హొనార్టన్ 1985లో వాదించుకొని, 1986లో కలిసి ఒక ప్రకటన చేశారు: గత ఫలితాల అర్థం మీద ఏకీభావం లేదు గాని, రాబోయే ప్రయోగాలకు ఏ జాగ్రత్తలుండాలో ఇద్దరికీ అంగీకారమే. 1994లో ఆ జాగ్రత్తలతో చేశామన్న ప్రయోగాల్లో 32 శాతం వచ్చింది. 1999లో మిల్టన్, వైజ్‌మన్ 30 తదనంతర అధ్యయనాలను తూస్తే యాదృచ్ఛికం దగ్గరే నిలిచింది. మరో పది చేర్చి తూస్తే తిరిగి తేలింది. చేర్చే అధ్యయనాలను బట్టి మునుగుతూ తేలుతూ ఉండే ఫలితం దేనికి గుర్తు అన్నదానిమీద నేటికీ ఏకాభిప్రాయం లేదు.

9. ముందుగా రాసిపెట్టడం

2011లో ఇదంతా పరామనోవిజ్ఞానం గడప దాటింది. డారిల్ బెమ్ తొమ్మిది ప్రయోగాలు, వెయ్యిమందికి పైగా విద్యార్థులతో, భవిష్యత్తు వర్తమానాన్ని ప్రభావితం చేస్తుందని చూపే పత్రాన్ని సామాజిక మనస్తత్వశాస్త్రపు అగ్రశ్రేణి పత్రికలో ప్రచురించాడు. ఆయన వాడినవన్నీ ఆ శాస్త్రంలో రోజూ వాడే పద్ధతులే. రిచీ, వైజ్‌మన్, ఫ్రెంచ్ మూడుచోట్ల ఒక ప్రయోగాన్ని తిరిగి చేస్తే ఫలితం రాలేదు; పునరావృత్తి పత్రాలను ప్రచురించబోమని ఆ పత్రిక వారిని తిప్పిపంపింది. వారి పత్రం 2012లో మరొకచోట వచ్చింది. నమ్మశక్యం కాని ఫలితాన్ని మామూలు పద్ధతి పుట్టించగలిగితే, నమ్మదగినవిగా కనిపించే ఫలితాల సంగతేమిటన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. అదే 2011లో సిమ్మన్స్, నెల్సన్, సైమన్‌సన్, ఎప్పుడు ఆపాలో, ఏ కొలతను చూపాలో ఫలితం చూచాక నిర్ణయించుకొంటే 5 శాతం ఉండవలసిన తప్పుడు ఫలితాలు 60 శాతం దాకా పెరుగుతాయని లెక్కగట్టారు. 2015లో వంద మనస్తత్వ అధ్యయనాలను తిరిగి చేసినప్పుడు, మూలపత్రాల్లో 97 శాతం సార్థకంగా ఉండగా, పునరావృత్తుల్లో 36 శాతమే అలా తేలాయి. విశాఖ విభాగం పేరులోని రెండు భాగాల నడుమ గీచుకొన్న గీత అనుకొన్నంత లోతైనది కాదని దీనితో తెలిసింది.

దీనికి చికిత్సగా నేడు అందరూ చెప్పేది పూర్వనమోదు. పరికల్పన, పాల్గొనేవారి సంఖ్య, కొలత, విశ్లేషణ – ఇవన్నీ ప్రయోగానికి ముందే రాసి భద్రపరచాలి. ఈ ఆలోచనను పత్రిక స్థాయిలో ఎంతో ముందుగా అమలుచేసినది కూడా పరామనోవిజ్ఞానమే. 1970ల నడుమ మార్టిన్ జాన్సన్ ఊట్రెక్ట్ నుంచి నడిపిన ఐరోపా పరామనోవిజ్ఞాన పత్రిక, ప్రణాళికను ముందే చూసి, ఫలితం ఏదైనా ప్రచురిస్తామని రచయితలకు మాట ఇచ్చేది. వైజ్‌మన్, వాట్, కార్న్‌బ్రోట్ 2019లో ఆ పత్రాలను లెక్కించారు. ముందుగా నమోదైన పత్రాల్లోని పరీక్షల్లో సుమారు 8 శాతం సార్థకం. నమోదు కానివాటిలో సుమారు 28 శాతం. అదే పత్రిక, అదే విషయం.

కార్డుల పరీక్షను ఈ రోజు విశాఖలో తిరిగి చేయాలనుకొనే విద్యార్థికి ముందుగా కావలసింది ఒక చిన్న లెక్క. సగటు 5కు బదులు 5.5 ఒప్పులు వస్తాయని పరికల్పన అయితే, అది నిజమైనప్పుడు 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి 25 కార్డుల వరుసలు సుమారు వంద చాలు: వందమంది, ఒక్కొక్కరు ఒకసారి. పరికల్పన 5.1 అయితే అవి సుమారు 2,500 కావాలి: అదే వందమంది, ఒక్కొక్కరు పాతికసార్లు, మొత్తం 62,500 ఊహలు. ఈ రెంటిలో ఏది తన పరికల్పనో మొదటి కార్డు తిరగేయకముందే రాసి, కవరులో పెట్టి, అంటించి, ఫలితంతో నిమిత్తం లేని మరొకరి చేతికి ఇవ్వాలి.